సాధనకు జీతమిచ్చినదెవరు?
ఖరగ్‌పూరు తెలుగువారును, కళాకారుల చలనచిత్రములును

హౌరా నుండి మదరాసు దిక్కునకు వచ్చు రైలు సుమారు నూటపదిహేను కిలోమీటర్లు నడచిన పిమ్మట ఖరగ్‌పూరు చేరును. 1072 మీటర్ల పొడవు గల యచ్చటి ప్లాట్‌ఫారము, 2013లో గోరఖ్‌పూరు దానిని మించువరకు, ప్రపంచమునకెల్ల పొడవైనదని పేరు పొందినది. వంగదేశపు నేలమీద నున్న యీ యూరిలో అడుగడుగునను తెలుగుమాట వినబడుట క్రొత్త ప్రయాణికునకు వింతగా తోచును గాని ఊరివారి కందులో వింత లేదు. పందొమ్మిదవ శతాబ్దము ముగియుచుండగా బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీవారు ఇచ్చట కూడలిని నిర్మించి, ఇరువదవ శతాబ్దపు తొలియేండ్లలో పెద్ద వర్క్‌షాపును నెలకొల్పిరి. వారి పట్టాలు ఒకవైపున వాల్తేరు దాక సాగినవి. ఆ పట్టాల వెంబడినే శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములవారు ఖలాసీలుగ, ఫిట్టర్లుగ, గుమాస్తాలుగ వచ్చి క్వార్టర్లలో కాపురములు పెట్టిరి. 1927లో ఉద్యోగముల తొలగింపునకు ఎదురు నిలిచిన వర్క్‌షాపు కార్మికుల పోరాటము, బి.ఎన్.ఆర్. కార్మికులకు నాయకుడై, తరువాత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వేంకటగిరిగారి జీవితముతో ముడివడినది. 1955 నుండి ఈ యూరు ఆగ్నేయ రైల్వేలో భాగము.

కళాకారుల జీవితములను గూర్చిన చలనచిత్రములను విచారించుటకు ఇట్టి యూరిని ఏల తలచుకొనవలెనని పాఠకులు ప్రశ్నింపవచ్చును. రైల్వే యూరిలో కాలమునకు వెల యున్నది. షిఫ్టు ఎప్పుడు మొదలగునో, ఎప్పుడు ముగియునో, ఆలస్యమైనచో ఎంత కోత పడునో ప్రతి యింటను తెలిసిన విషయమే. ఇట్టి యూళ్లలో నాటకమాడువాడు పగలు సానపట్టిన చేతితోనే రాత్రి గద పట్టును. ఒత్తిడి (రిహార్సలు) కొరకు డ్యూటీ మార్చుకొనుట, నాటకము నాటికి సెలవు సంపాదించుట, బదులుగా పని చేసిన తోటివానికి ఋణపడుట, జీతములో కొంత హార్మోనియమునకును అద్దె దుస్తులకును పోగా ఇంటిలో మాట పడుట, ఇవన్నియు వాని కళలోని భాగములే. తెరమీద కళాకారుని చూచినపుడు ఇట్టి ప్రేక్షకుని మనసున మొదట పుట్టు ప్రశ్న, 'ఎంత బాగుగ పాడినాడు!' అనునది కాదు; 'ఇంత సాధన చేయుటకు వీనికి పొద్దెక్కడిది? ఆ పొద్దునకు జీతమిచ్చినదెవరు?' అనునది. మోటుప్రశ్నవలె కనబడినను, కళాకారుల చిత్రములను తూచుటకు ఇంతకంటె నమ్మదగిన తూనికరాయి అరుదు.

తెలుగు చిత్రములు ఈ ప్రశ్నను చాలకాలము అడుగనీయలేదు. 1946లో చిత్తూరు నాగయ్యగారు తామే దర్శకత్వము వహించి నటించిన 'త్యాగయ్య' భక్తిరసమునందు నేటికిని సాటిలేని చిత్రమే. కాని త్యాగరాజస్వామి కథలో ఆ మోటుప్రశ్నను అడుగు పాత్ర యొకటి యున్నది. అతడు అన్నగారు జపేశుడు. రాజు పంపిన కానుకలను తమ్ముడు త్రోసిపుచ్చగా, ఇల్లు గడచుటెట్లని అడిగినవాడతడు. కథాసంప్రదాయము అతనిని విగ్రహములను కావేరిలో పడవైచిన పాపిగా నిలిపినది గనుక, అతని ప్రశ్నయు పాపపు ప్రశ్నయై పోయినది. ఉంఛవృత్తికి వాకిటవాకిట తిరుగుటయు కాళ్లతో చేయు శ్రమయే యని, బియ్యము పోసిన గృహిణుల చేతులును ఆ కృతుల వెనుక నున్నవని చెప్పుటకు కథలో చోటు లేకపోలేదు, చెప్పువారు లేకపోయిరి. అటుపిమ్మట వచ్చిన చిత్రములలో కళాకారుని దారిద్ర్యము విస్తారముగ కనబడును. దారిద్ర్యమును చూపుట వేరు, శ్రమను చూపుట వేరు. మొదటిది కన్నీరు తెప్పించును. రెండవది చూచుటకు ఓపిక కావలెను.

కె. విశ్వనాథ్‌గారి 'శంకరాభరణము' 1980లో విడుదలైనపుడు తెలుగుదేశమున శాస్త్రీయసంగీతమునకు క్రొత్త గౌరవము వచ్చినదన్న మాట అతిశయోక్తి కాదు. కె.వి. మహదేవన్‌గారి సంగీతమునకును, బాలసుబ్రహ్మణ్యము, వాణీజయరామ్‌గార్ల గానమునకును జాతీయ పురస్కారములు లభించినవి. శంకరశాస్త్రి పాత్రలోని ధీరత్వమును కాదనువారు లేరు. అయినను ఆయన సాధన చిత్రారంభమునకు పూర్వమే పూర్తియైనది. ప్రేక్షకులు చూచునది ఫలమును, ఫలమునకు గిరాకీ తగ్గుటను మాత్రమే. కచేరీలు సన్నగిల్లిన పిమ్మట చివరి సభకు మండపము కట్టించునది తులసి. ఆమె గణికాకులమున పుట్టినది. ఆమెను ఇంట నుంచుకొన్నందుకే శాస్త్రి లోకనిందకు గురియైనాడు. మహావిద్వాంసుని ఆఖరి కచేరీకి వ్యయము భరించినది లోకము వెలివేసిన స్త్రీ సొమ్ము! ఇంతటి కఠినసత్యము కథలోనే యుండగా, చిత్రము దానిని భక్తిగా మాత్రమే మలచినది. తులసి చేతులు జోడించి నిలుచుటను కెమెరా మరిమరి చూపినది గాని, ఆ చేతులు ఇచ్చినదానిని లెక్కింపలేదు.

ఇచ్చట ఒక విశేషమును చెప్పక తప్పదు. శంకరశాస్త్రిగ నటించిన జె.వి. సోమయాజులుగారు రెవెన్యూశాఖలో డిప్యూటీ కలెక్టరు. విజయనగర ప్రాంతపు నాటకరంగమున పెరిగి, తమ్ముడు రమణమూర్తిగారితో కలిసి 'కన్యాశుల్కము'ను ఏండ్లతరబడి ఆడినవారు. అనగా పగలు ఫైళ్లు చూచి రాత్రి రామప్పపంతులు వేషము కట్టిన నటుడే తెలుగువారి కండ్లయెదుట సంగీతవిద్వాంసునకు శాశ్వతరూప మిచ్చెను. ఖరగ్‌పూరు క్వార్టర్లకు మనుష్యులను పంపిన ఉత్తరాంధ్రయే ఈ నటుని కూడ పంపినది. అట్టివాని కథకు మాత్రము ఆ చిత్రమున గాని, మరియే చిత్రమున గాని తావు దొరకలేదు. మదరాసు వాహినీ స్టూడియోలో శబ్దగ్రహణశాఖ ఉద్యోగిగ జీవితము మొదలుపెట్టిన విశ్వనాథ్‌గారు, దర్శకులైన పిమ్మటను సెట్టుమీద ఖాకీదుస్తులే ధరించెడివారు. ఖాకీ వర్క్‌షాపు మనిషి బట్ట. తాను పనివాడనని ఒంటిమీద చాటుకొన్న దర్శకుడు, తన కథానాయకుని ఒంటిమీద మాత్రము చాలకాలము పట్టుపంచెనే కట్టినాడు.

ఆ పట్టుపంచె జారి లోపలి ఖాకీ కనబడిన చిత్రము 1983 నాటి 'సాగరసంగమము'. విశ్వనాథ్‌గారి చిత్రములలో దీనిని మిన్నగ నెంచుటకు ఇళయరాజాగారి సంగీతమో, కమలహాసన్‌గారి నాట్యమో కారణమని సాధారణముగ చెప్పుదురు. అవి గొప్పవే. కాని చిత్రమునకు ప్రాణము వంటశాలలో నున్నది. బాలు తల్లి పెండ్లిండ్లకు వంటచేయు మనిషి. ఒక సంపన్నుల యింట పెండ్లిలో ముందు పందిరిలో పేరుపొందిన నర్తకి ఆడుచుండగా, వెనుకతట్టున, పొగకును గిన్నెల చప్పుడునకును నడుమ, బాలు తన్ను తాను మరచి అదే పాటకు ఆడును. అతని వేదిక తల్లి పనిచేయు చోటు. అతని సాధనకు జీతమిచ్చునది ఆ పొయ్యి. ఎవరును చూడలేదనుకొన్న ఆ నాట్యమును మాధవి ఫొటో తీయుటతో కథ నడచును. ధనికుల పందిరి ఒకే సమయమున ఒక కళాకారిణికి తాంబూలమును, మరొక కళాకారుని తల్లికి కూలిని ఇచ్చుచున్నదన్న సంగతిని ఇంత తేలికగ, ఒక్క మాటయైన పలుకక చూపిన ఘట్టము తెలుగుతెరమీద మరియొకటి లేదు.

తరువాతి ఘట్టములును ఇదే లెక్కను కొనసాగించును. సినిమా నృత్యదర్శకుని క్రింద పనికి కుదిరిన బాలు అచ్చటి పోకడలను సహింపలేడు. దీనిని కళాభిమానమని చాలమంది మెచ్చుకొందురు. వంటమనిషి కొడుకు చేతికందిన కూలిని వదలుకొన్నాడన్న సంగతిని మరతురు. అఖిలభారత నృత్యోత్సవమున ఆడుటకు ఆహ్వానము వచ్చిన వేళకే తల్లి మరణించుట కొందరికి అతినాటకీయముగ తోచును. నిజమే, యాదృచ్ఛికతపై విశ్వనాథ్‌గారు మోపిన బరువు అచ్చట కొంత ఎక్కువయే. అయినను అంతరార్థము సరియైనది. ఇన్నాళ్లు అతని పొద్దునకు వెల చెల్లించిన మనిషి లేకుండపోయినది. ఆ పిమ్మట బాలు ఎన్నడును నర్తకుడు కాలేదు. పత్రికలో నాట్యవిమర్శ వ్రాయు త్రాగుబోతైనాడు. పత్రికాకార్యాలయములో, బల్లల నడుమ, ఒకే భావమును వేరువేరు నాట్యరీతులలో అభినయించి చూపు ఘట్టము ఎంత ప్రసిద్ధమో చెప్పనక్కరలేదు. దానిని వంటశాల ఘట్టము ప్రక్కన నిలిపి చూచినవారు తక్కువ. రెండుచోట్లను అతడు ఇతరులు కూలికి పనిచేయు స్థలముననే ఆడినాడు. సభావేదిక అతనికి దక్కలేదు.

ఖరగ్‌పూరు తెలుగువారికి ఇరుగుపొరుగు వంగచిత్రసీమ గనుక, అచ్చట ఈ ప్రశ్న ఎట్లు అడుగబడినదో చూచుట అవసరము. ఋత్విక్ ఘటక్ 'మేఘే ఢాకా తారా' (1960) మొదటి దృశ్యమే దానికి సమాధానము. నీటియొడ్డున శంకర్ గానసాధన చేయుచుండును. పెద్దచెట్టు నీడలో చెల్లెలు నీత ఆగి వినును. వెనుకగ రైలు సాగిపోవును. తూర్పు వంగము నుండి కాందిశీకులై వచ్చిన ఆ యింటికి నీత సంపాదనయే ఆధారము. చదువు మాని ఉద్యోగమునకు పోవునది ఆమె. చిల్లర ఖర్చులకు సైతము ఆమెముందు చేయి చాచుచు రాగములు సాధించునది అన్న. అతడు బొంబాయిలో పేరు సంపాదించి తిరిగివచ్చునప్పటికి ఆమె క్షయరోగియైనది. ఘటక్ అన్నను దుష్టునిగ చూపలేదు. ఆ యింటిలో చెల్లెలిని నిజముగ ప్రేమించువాడతడే. అతని పాట నిజమైనది, దానికి చెల్లిన వెలయు నిజమైనది. రెంటిలో దేనిని తగ్గించి చూపినను చిత్రము అబద్ధమయ్యెడిది. 'సాగరసంగమము'లో తల్లి పాత్ర కున్న వెలుగు నీతకును కలదు గాని, భేదమొకటి యున్నది. బాలు తల్లి కొడుకును ఆశీర్వదించి మరణించును. నీత తనకు బ్రతుకవలెనని యుండెనని కొండలు మారుమ్రోగ అరచును. తెలుగుచిత్రములలో కళాకారుని పోషించిన స్త్రీ ఎవరును ఇంతవరకు అట్లు అరువలేదు.

మరుసటి యేడు వచ్చిన 'కోమల్ గాంధార్' (1961) నాటకసమాజమును గూర్చిన చిత్రము. ఒత్తిళ్లు, జట్టుల నడుమ అసూయలు, 'శాకుంతలము' ఆడుచుండగా లోపలివారే చేసిన ద్రోహము, ఖాళీ కుర్చీలు, ఇవన్నియు అందులో వివరముగ నున్నవి. వేషము వేసికొన్నవాడు మాత్రమే కాక తెర లాగువాడును, దీపము పట్టువాడును కళాకారులేయని ఆ చిత్రము నమ్మినది. రైల్వే యూరివారికి అందులో మరపురానిది లాల్‌గోలాలో పద్మానది యొడ్డు. దేశవిభజనతో వాడుకలేక పడియున్న పట్టాలమీద కెమెరా పరుగెత్తి, పట్టా తెగిన చోట తాకి, తెర నల్లబడును. రైలు ఎచ్చటకును పోలేని చోటొకటి యుండునని ఆ యూరివారి కంటె బాగుగ ఎరిగినవారెవరు? అయినను చిత్రము ఆనాడు సొమ్ము చేసికొనలేదు. దర్శకునికి అది పెద్దదెబ్బ. కళాకారుల శ్రమను గూర్చిన చిత్రము తీసిన శ్రమకే ఫలము దక్కకపోవుట కొత్త సంగతి కాదు.

తెలుగులో ఈ విషయమున నిజముగ ముందడుగు వేసినది 1988 నాటి 'స్వర్ణకమలము'. ఇందులో ఇద్దరు కళాకారులున్నారు. కూచిపూడి విద్వాంసుని కూతురు మీనాక్షికి నాట్యము వంశపారంపర్యముగ వచ్చిన బరువు. దానివలన తిండి పెరుగదని, తానును నలుగురివలె ఉద్యోగము చేసికొని సుఖముగ బ్రతుకవలెనని ఆమె బాహాటముగ చెప్పును. జపేశుని ప్రశ్న నలువదేండ్ల తరువాత కథానాయిక నోటికి వచ్చినది! భానుప్రియగారి నటనలోని అల్లరి వలన ఆ మాటలు పాపోక్తులుగ కాక పడుచుపిల్ల సొంతమాటలుగ వినబడును. రెండవవాడు పొరుగింటి చంద్రశేఖరుడు. సినిమా బోర్డులకు రంగులు వేయు చిత్రకారుడు. నిచ్చెనమీద నిలిచి ఇతరుల ముఖములను దిద్ది పొట్టపోసికొను మనిషిని కథానాయకునిగ నిలుపుట చిన్న సంగతి కాదు. తెలుగుచిత్రములలో రోజుకూలి కళాకారుడు గౌరవముతో కనబడిన అరుదైన సందర్భములలో ఇది యొకటి.

కాని విశ్వనాథ్‌గారు ఇచ్చటను సగముదారిలో ఆగిరి. మీనాక్షి ప్రశ్నకు సమాధానము చెప్పుటకు మారుగ, ప్రశ్నించిన ఆమె మనస్సునే మార్చిరి. చంద్రశేఖరుని రంగులడబ్బా మొదటిభాగమున కనబడినంతగ తరువాత కనబడదు. అతడు క్రమముగ ఆమె కళకు సేవకుడగును. తన కళను గూర్చి అతనికొక దిగులు గాని, ఆశ గాని కలదో లేదో చిత్రము చెప్పదు. బోర్డుమీది బొమ్మ ఎండకు వెలసి, వచ్చు శుక్రవారము మరియొక బొమ్మ క్రింద మునిగిపోవును గదా! సాధన యంతయు వారమునకొకమారు తుడిచిపెట్టుకొనిపోవు వాని మనస్సు ఎట్లుండును? కంప్యూటరు అచ్చుబోర్డులు వచ్చి ఆ వృత్తినే తుడిచిపెట్టిన యీనాడు, ఆ చిత్రమున జారవిడిచిన కథ మరింత పెద్దదిగ కనబడుచున్నది.

తరువాతి చిత్రములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. నాగ్ అశ్విన్‌గారి 'మహానటి' (2018)లో సావిత్రిగారి పతనము కంటె పని గొప్పగ వచ్చినది. దర్శకుడు కోరినన్ని కన్నీటిబొట్లను కోరిన కంటినుండియే రాల్చు ఘట్టములో నటన ఒక చేతిపనియని, కొలతకు లొంగునదని సామాన్యప్రేక్షకునకును అర్థమగును. చిత్రము ఉత్తరార్ధమున ఆ యెరుకను వదలి మద్యమును, అప్పులను పట్టుకొన్నది. కృష్ణవంశీగారి 'రంగమార్తాండ' (2023), మరాఠీ 'నటసమ్రాట్' ననుసరించినది, నటుడు రంగస్థలమునుండి విశ్రమించు సన్మానసభతోనే మొదలగును. ప్రకాశ్‌రాజ్, బ్రహ్మానందముగార్ల నడుమ ఆసుపత్రి ఘట్టము మనస్సును కలచివేయును. అయినను అందులోని దుఃఖము తండ్రి దుఃఖమే గాని నటుని దుఃఖము కాదు. ఆ తండ్రి బ్యాంకు మేనేజరైనను కథ పెద్దగ మారదు.

ఇక ఖరగ్‌పూరు తెరకెక్కిన చిత్రమొకటి యున్నది. అది తెలుగుది కాదు, కళాకారునిది యంతకంటెను కాదు. 2001 నుండి 2003 వరకు ఆ స్టేషనులో టిక్కెట్టు ఎగ్జామినరుగ పనిచేసిన క్రికెట్టు ఆటగాడు మహేంద్రసింగ్ ధోనీ జీవితముపై నీరజ్ పాండే తీసిన హిందీచిత్రము, 2016 నాటిది. ఆ చిత్రములోని తక్కిన భాగములు విజయోత్సవములే. ఖరగ్‌పూరు భాగము మాత్రము వేరు. నల్లకోటు వేసికొని పెట్టెపెట్టెకు తిరుగుట, డ్యూటీ ముగించి మైదానమునకు పరుగెత్తుట, ఉద్యోగము వదలుకొనలేక, ఉంచుకొనలేక ప్లాట్‌ఫారము బల్లమీద కూర్చుండుట. ప్రతిభకును డ్యూటీపట్టికకును నడుమ నలిగిన మనిషిని ఇంత నిజముగ చూపిన చిత్రము సంగీతనాట్యముల మీద మన భాషలో రాలేదు. అయితే ఆ కథ చెప్పదగినదైనది అతడు రైలెక్కి వెడలిపోయినందువలననే. ఉద్యోగము వదలి వెళ్లినవాడు నాయకుడైనాడు. ఉద్యోగములో ఉండియే ఆడినవారు, పాడినవారు, వేషము కట్టినవారు కథకు పనికిరానివారైరి.

వెడలిపోనివాడే ఈ వ్యాసమునకు ముఖ్యుడు. ముప్పదియేండ్లు లోహపుపొడి పీల్చి, ఆ ముప్పదియేండ్లును పండుగలకు శ్రీకృష్ణరాయబారము పద్యములు పాడినవానికి మహాకళాకారుడన్న బిరుదు లేదు, విషాదాంతమును లేదు. అతని సాధనకు జీతమిచ్చినది తానే. లేదా తన భార్య. రెండవ షిఫ్టు ముగించి వచ్చి, చేతుల నూనె పూర్తిగ వదలకయే అర్దళము పూసికొని, పద్యము ఎత్తుకొనబోవు మనిషి ముఖముపై కెమెరా నిలిచినచో ఏమి కనబడునో ఇంతవరకు ఎవరును చూడలేదు. అతనికి బదులుగ ఆ రాత్రి డ్యూటీకి పోయిన తోటివాడు మరునాటి ప్రొద్దున క్వార్టరు వాకిట నిలిచి, నాటకమెట్లు జరిగెనని అడుగును.